ఎవరి రక్తం ముందు?

మా ఇళ్ళల్లో అమ్మాయికి సంబంధం వచ్చిందంటే ఆరాలు మొదలవుతాయి. మషాతా ఫోటో పట్టుకుని గడప తొక్కిన రోజు నుంచీ మా ఆడవాళ్ళకు నిద్ర ఉండదు. అబ్బాయి ఖాందాన్ ఏమిటి, సొంత ఇల్లా కిరాయి ఇల్లా, జీతమెంత, జర్దా నములుతాడా, జుమా నమాజుకైనా పోతాడా? అటువైపు వాళ్ళూ తక్కువ తినలేదు. అమ్మాయి రంగేమిటి, పళ్ళు సరిగ్గా ఉన్నాయా, నడకలో తేడా ఏమన్నా ఉందా, వంటొచ్చా? ఆ తర్వాత లేన్‌దేన్ మాటలు. జోడే కీ రఖమ్ ఎంత, మంచం బీరువా ఎవరిస్తారు, షాదీఖానా కిరాయి ఎవరు కడతారు? ఇన్ని అడుగుతాం. అడగడం ఎవరికీ అవమానం కాదు. ఒక్క ప్రశ్న మాత్రం అడగం. పిల్లకూ పిల్లాడికీ రక్తపరీక్ష చేయిద్దామా అని అడగం. అడిగితే సంబంధం అక్కడే తెగుతుంది.

అలాగని మా మగవాళ్ళు రక్తం ఇవ్వని వాళ్ళేం కాదు. పాతబస్తీ నుంచి, నిజామాబాదు, కరీంనగర్, కడప జిల్లాల నుంచి సౌదీకో దుబాయికో కువైటుకో పోయే ప్రతివాడూ ముందు మెడికల్‌కు వెళతాడు. క్యూలో నిలబడతాడు. చొక్కా విప్పమంటే విప్పుతాడు. చేయి చాపమంటే చాపుతాడు. అందులో హెచ్.ఐ.వి. పరీక్ష కూడా ఉంటుందని అందరికీ తెలుసు. 'ఫిట్' అని వస్తే ఇంట్లో మిఠాయి పంచుతారు. 'అన్‌ఫిట్' అని వస్తే పాస్‌పోర్టు పెట్టె అడుక్కి పోతుంది. నన్ను అనుమానిస్తున్నారా అని అక్కడ ఎవడూ అరవడు. ముక్కూ మొహం తెలియని కఫీల్ కోసం ఇచ్చే రక్తపు చుక్కను, జన్మంతా తోడుండే మనిషి కోసం ఇవ్వమంటే మాత్రం మా ఇజ్జత్ అడ్డమొస్తుంది. ఇదేం ఇజ్జత్ అని మమ్మల్ని మేం నిలదీసుకోవాలనే ఇది రాస్తున్నాం.

మా చాచా కూతురి సంగతి చెప్పాలి. పేరు రాయొద్దంది. మిగతాదంతా రాయమంది.

2009లో ఆమెకు మొదటి కాన్పు. నాలుగో నెలలో సర్కారు దవాఖానాకు పోతే, గర్భిణులందరికీ చేసే పరీక్షలతో పాటు ఆ పరీక్షా చేశారు. హెచ్.ఐ.వి. ఉందని తేలింది. భర్తను తీసుకురమ్మన్నారు. ఆయన రాలేదు. 'నేను గట్టిగా ఉన్నాను, నాకెందుకు' అన్నాడు. అత్తగారు ఒకే మాట పట్టుకుంది: మా ఇంట్లో లేని రోగం ఎక్కడి నుంచి తెచ్చావు? పదిహేను రోజుల్లో జహేజ్ సామాను లెక్కపెట్టి, ఆటోలో పెట్టి, పిల్లను పుట్టింట్లో దించి పోయారు. ఎనిమిది నెలల తర్వాత ఆయనకు టీబీ వచ్చి ఆస్పత్రిలో పడ్డాడు. అప్పుడు పరీక్ష చేస్తే ఆయనకూ ఉంది. అది చాలా ఏళ్ళ నాటిదని, పెళ్ళికి ముందుదే అయివుంటుందని డాక్టరు అన్నాడు. వాళ్ళ పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఆ ఇంటి నుంచి ఎవరూ రాలేదు.

బిడ్డకు సోకలేదు. వేళకు మందులు వాడారు. మందులు లేకపోతే తల్లి నుంచి బిడ్డకు నూటికి 15 నుంచి 45 మందిలో సోకే వైరస్, మందులు వాడితే అయిదుగురి లోపే ఉంటుంది. ఆ బిడ్డ ఇప్పుడు కాలేజీకి పోతోంది. తల్లి రోజూ మాత్ర వేసుకుంటుంది, కుట్టుమిషన్ తొక్కుతుంది. ఒకసారి మమ్మల్ని అడిగింది: 'భాయ్‌జాన్, ఇద్దరికీ ఒకే రోజు చేసివుంటే నన్నెవరు అనేవాళ్ళు?'

మేం జవాబు చెప్పలేకపోయాం. ఆ ప్రశ్నే మమ్మల్ని ఇంతవరకూ తెచ్చింది.

గర్భిణులకు పరీక్ష చేయడం తప్పని మేం అనం. ఆ పరీక్షే లేకపోతే ఆ బిడ్డ ఏమయ్యేదో! కానీ దానివల్ల ఇంట్లో మొదట బయటపడేది ఆడమనిషి. మా బస్తీలో ముందు తెలిసినవాళ్ళే ముందు తెచ్చినవాళ్ళు. హిందూ బస్తీలోనూ అంతే, క్రైస్తవ పేటలోనూ అంతే. రోగం ఎవరి నుంచి ఎవరికి పోయిందో పరీక్ష చెప్పదు. ఆ పని అత్తగార్లు చేస్తారు, జమాత్ పెద్దలు చేస్తారు, పక్కింటివాళ్ళు చేస్తారు.

అడగడమంటే అనుమానించడమేనా? మా ముందున్న ధర్మసందేహం ఇది.

ఒక్కరినే అడిగితే అనుమానించడమే. అది ఒప్పుకుంటాం. అయితే మా ఇళ్ళల్లో 'నా మీద నమ్మకం లేదా' అనే మాట ఎవరి నోట వస్తుందో చూడండి. ఎక్కువగా మగవాడి నోటే వస్తుంది. అమ్మాయి నడవడి గురించి నాలుగిళ్ళలో వాకబు చేస్తే దాన్ని ఆనవాయితీ అంటాం. అమ్మాయి ఒక్క మాట అడిగితే అనుమానం అంటాం. ఇలాంటి నమ్మకానికి విలువ కట్టేముందు అది ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి. ఇద్దరూ ఒకేసారి చేయి చాపినప్పుడు అనుమానం ఎవరి మీద? ఎవరి మీదా కాదు. పైగా హెచ్.ఐ.వి. నడత తప్పినవాళ్ళకే వస్తుందన్నది అబద్ధం. ఎక్కించిన రక్తం నుంచి వచ్చినవాళ్ళున్నారు, సూది నుంచి వచ్చినవాళ్ళున్నారు, తల్లి కడుపులోనే తెచ్చుకున్నవాళ్ళున్నారు. అలా పుట్టిన పిల్లలు ఎందరో మందులతో పెరిగి ఇవాళ పెళ్ళీడుకొచ్చారు. వాళ్ళేం తప్పు చేశారు? రక్తపరీక్ష రక్తాన్నే చూస్తుంది. మనిషి గుణం దాంట్లో కనపడదు.

మా నిఖాలో పెళ్ళికూతురి ఒప్పుదల లేనిదే పని జరగదు. వకీలూ ఇద్దరు గవాలూ ఆమె దగ్గరకు వెళ్ళి అడుగుతారు. మెహర్ ఎంతో రూపాయి దాకా సియాహానామాలో రాస్తారు. డబ్బు విషయంలో ఇంత స్పష్టం కావాలన్న పెద్దలు, ఒంటి విషయంలో అక్కర్లేదన్నారా? లేదు. దాచిపెట్టిన జబ్బు బయటపడితే పెళ్ళి ఏమవుతుందని ఫికా పండితులు వందల ఏళ్ళు చర్చించారు. 1939లో ఉలేమాల చొరవతో వచ్చిన ముస్లిం వివాహాల రద్దు చట్టం, భర్తకు తీవ్రమైన సుఖరోగం ఉంటే భార్య తలాఖ్ కోరవచ్చని రాసింది. అదే చట్టంలో ఉన్న కుష్ఠును 2019లో తీసేశారు. మందు వచ్చిన రోగానికి మచ్చ ఎందుకని తీసేశారు. అంటే భర్త ఒంట్లో ఏముందో భార్యకు సంబంధించిన విషయమేనని మా వాళ్ళు ఎప్పుడో ఒప్పుకున్నారు. కాకపోతే పెళ్ళయి, రోగం అంటుకున్నాక కోర్టుకు పోయే హక్కు ఇచ్చారు. మేం అడిగేది ఖుబూల్ అనకముందు తెలుసుకునే హక్కు.

'తక్దీర్‌లో ఉంటే వస్తుంది, పరీక్ష ఆపుతుందా' అనే పెద్దలున్నారు. వాళ్ళకు హజ్రత్ ఉమర్ గుర్తు లేరా? షామ్‌లో ప్లేగు ఉందని సర్గ్ దగ్గర తెలిసి, సలహా అడిగి, జనంతో సహా వెనక్కి తిరిగారు. అల్లా రాసినదాన్నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా అడిగితే, వెనక్కి తిరగడం కూడా అల్లా రాసినదేనన్న అర్థంలో జవాబిచ్చారు. చిన్నప్పుడు మదర్సాలో ఈ కథ చెప్పినవాళ్ళే ఇవాళ మాకు తక్దీర్ గురించి చెబుతున్నారు.

ఇంకో మాట మా బస్తీల్లో బాగా చలామణిలో ఉంది. మాకు ఖత్నా అవుతుంది కాబట్టి ఈ రోగం మాకు రాదని. ఇందులో సగం నిజముంది కనకే ప్రమాదం. 2005 నుంచి 2007 మధ్య దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ ఫార్మ్, కెన్యాలోని కిసుము, ఉగాండాలోని రకాయ్ ప్రాంతాల అధ్యయనాలు వెలువడ్డాయి. సున్తీ అయిన మగవాడికి ఆడమనిషి నుంచి సోకే ప్రమాదం 50 నుంచి 60 శాతం తగ్గుతుందని తేలింది. తగ్గుతుంది, పోదు. అప్పటికే సోకిన మగవాడు సున్తీ అయినవాడే కావచ్చు, అతని నుంచి భార్యకు ఆ సున్తీ రక్షణ కాదు. మా మగవాళ్ళు తమకున్న సగం గొడుగు చూపించి, పక్కన నడిచే ఆడమనిషిని కూడా తడవనట్టే లెక్కేస్తున్నారు. 2021 అంచనాల ప్రకారం దేశంలో హెచ్.ఐ.వి.తో బతుకుతున్నవాళ్ళు సుమారు 24 లక్షలు. మహారాష్ట్ర తర్వాత రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, మూడు లక్షలకు పైనే. వీళ్ళలో మా వాళ్ళు ఎవరూ లేరని ఏ ధైర్యంతో అంటాం?

సెక్యులర్ మిత్రులతో కూడా ఒక మాట. మేం ఎందుకు నోరు విప్పమో మీకు తెలియాలి. మా ఇంటి తలాఖూ, మా ఇంటి బురఖా, మా ఇంటి పిల్లల లెక్కా ఇప్పటికే మీ కాలక్షేపం కబుర్లలో ఉన్నాయి. ఇప్పుడు మా ఇంటి రోగం కూడా బయటపెడితే, దాన్నీ మా మతానికి తగిలిస్తారన్న భయం మాకుంది. ఆ భయం ఊరికే రాలేదు. వేలెత్తి చూపించుకుని అలిసిపోయిన సమాజం ఇంట్లో గాయాన్ని కూడా కప్పుకుంటుంది. కానీ ఆ కప్పుడు కింద చితికిపోయేది మా ఆడవాళ్ళు. మీ ముందు పరువు కోసం వాళ్ళను బలి ఇవ్వడం మా వల్ల కాదు. ఇది చదివి 'చూశావా, వాళ్ళల్లో' అనేవాళ్ళు ఉంటే, తమ ఇంట్లో ఎవరి రక్తం ముందు పరీక్ష చేశారో ఒకసారి గుర్తు చేసుకోమంటున్నాం. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో ఊరూరా వెలిసిన పులిరాజా హోర్డింగులు మీకూ గుర్తుండే ఉంటాయి. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా రాదా అని రాష్ట్రమంతా నవ్వుకుంటూ చర్చించింది. పులిరాజాకు భార్య ఉంటే ఆమె సంగతేమిటని అడిగిన హోర్డింగు మేం చూసిన గుర్తు లేదు. పులిరాజా ఏ మతం వాడో కూడా ఎవరూ అడగలేదు. మగవాడు కావడం సరిపోయింది.

ఇక కిట్టు సంగతి. లండన్‌లో ఉండే మా మేనల్లుడు ఒకసారి తెచ్చి చూపించాడు. బ్రిటన్‌లో 2014లో వీటి అమ్మకం చట్టబద్ధమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో స్వయం పరీక్షను సిఫారసు చేసింది. చూడ్డానికి గర్భం పరీక్ష కిట్టులా ఉందని మా ఇంట్లో ఆడవాళ్ళు నవ్వారు. ఒక రకంలో వేలు గుచ్చి చుక్క రక్తం వేస్తారు. ఇంకో రకంలో చిన్న పుల్లతో చిగుళ్ళు తుడిచి, మందునీళ్ళ సీసాలో పెడతారు. నోటి తడి నుంచి పరీక్ష చేస్తున్నారంటే నోటి తడి నుంచి రోగం వస్తుందని కాదు. ఒంట్లో వైరస్ మీద పుట్టే యాంటీబాడీలను అది పట్టుకుంటుంది, అంతే. ఒకే తాలీలో చేయి పెట్టి తినే మా ఇళ్ళల్లో ఈ మాట గట్టిగా చెప్పాలి. ఇరవై నిమిషాలు ఆగితే గీతలు కనిపిస్తాయి. ఒక గీత వస్తే లేదని, రెండొస్తే ఉండవచ్చని. ఉండవచ్చని మాత్రమే. ఐసీటీసీలో వేరే పరీక్షలు చేసి నిర్ధారిస్తేనే ఉన్నట్టు. వైరస్ కొత్తగా సోకితే కిట్టు పట్టలేకపోవచ్చు, మూడు నెలలాగి మళ్ళీ చూసుకోవాలి. ఇప్పటికే మందులు వాడేవాళ్ళు ఈ కిట్టును నమ్ముకోకూడదు.

ఇందాక చెప్పిన కిసుములోనే ఒక అధ్యయనం జరిగింది. 2016లో వెలువడింది. గర్భిణులను, బాలింతలను ఆరువందల మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు భర్తను క్లినిక్కుకు రమ్మని చీటీ రాసిచ్చారు. ఇంకో జట్టుకు కిట్లు ఇచ్చి ఇంటికి పంపారు. చీటీ అందుకున్న ఇళ్ళల్లో నూటికి 52 మంది మగవాళ్ళు పరీక్ష చేయించుకుంటే, కిట్టు వెళ్ళిన ఇళ్ళల్లో 91 మంది చేసుకున్నారు. జంటగా కలిసి చేసుకున్నవాళ్ళు 33 నుంచి 75కు పెరిగారు. మా చెల్లెలి భర్త లాంటివాళ్ళు అక్కడా ఉన్నారు. దవాఖానా గడప తొక్కడానికి మొహం చెల్లనివాళ్ళు, ఇంట్లో గది తలుపు వేసుకుని చేసుకోగలిగారు.

అయినా కిట్టును చూసి మాకు భయం కూడా వేసింది. రేపు అత్తగారు దాన్ని కోడలి ముందు విసిరి చేసుకో అనవచ్చు. అబ్బాయి తరఫు వాళ్ళు లేన్‌దేన్ జాబితాలో ఇంకో పద్దుగా రాయవచ్చు. రెండు గీతలు కనిపించిన రాత్రి ఆ ఇంట్లో కౌన్సిలర్ ఉండదు, కోపంతో మొగుడు ఉంటాడు. అందుకే ఒకటి స్పష్టంగా చెప్పుకోవాలి. ఎవరి పరీక్ష వాళ్ళు తమంతట తాము చేసుకుంటేనే అది స్వయం పరీక్ష. ఇంకొకరు చేయిస్తే అది జబర్దస్తీ. 2018 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన 2017 నాటి చట్టం కూడా ఒప్పుదల లేని పరీక్ష కుదరదంటోంది. భార్యకు ఉందన్న సంగతి భర్తకు చెబితే ఆమెను కొడతారనో గెంటేస్తారనో భయముంటే చెప్పకూడదని కూడా ఆ చట్టం ఆలోచించింది.

బలవంతంగా చేయిస్తే పోలా అనేవాళ్ళకు అమెరికా అనుభవం చెప్పాలి. ఇల్లినాయ్ రాష్ట్రం 1988లో పెళ్ళి లైసెన్సుకు హెచ్.ఐ.వి. పరీక్ష తప్పనిసరి చేసింది. జంటలు పక్క రాష్ట్రాలకు పోయి పెళ్ళి చేసుకున్నాయి. మొదటి ఆరు నెలల్లో డెబ్భై వేల మందికి పైగా పరీక్ష చేస్తే బయటపడ్డవాళ్ళు ఎనిమిది మంది. 1989లో ఆ చట్టాన్ని ఎత్తేశారు. మలేషియాలోని జొహోర్‌లో 2001 నుంచి పెళ్ళాడబోయే ముస్లిములకు దీన్ని తప్పనిసరి చేశారు. మతం పేరున రక్తం అడగడం మాకు సమ్మతం కాదు. ఖాజీ చేతిలో సర్టిఫికెట్ పడితే అది గల్ఫ్ మెడికల్ అవుతుంది. 'అన్‌ఫిట్' అయిన ఆడపిల్ల జీవితాంతం అన్‌ఫిట్టే.

మరి ఉందని తేలితే? ఈ ప్రశ్నకు జవాబు లేకే చాలామంది పరీక్షకు భయపడతారు. ఆస్పత్రి బయటపెట్టడంతో పెళ్ళి చెడిపోయిన ఒకాయన కేసులో, 1998లో సుప్రీంకోర్టు అలాంటివాళ్ళ పెళ్ళి హక్కే ఆగిపోతుందన్నట్టు మాట్లాడింది. 2002లో ముగ్గురు న్యాయమూర్తులు ఆ వ్యాఖ్యలు అనవసరమన్నారు. వైద్యం అంతకన్నా ముందుకు పోయింది. మన దేశంలో 2004 నుంచి ఏ.ఆర్.టి. మందులు ఉచితం. క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ కనిపించనంత తగ్గితే, భార్యకో భర్తకో అది సోకదని 2016, 2019లలో వెలువడ్డ యూరప్ అధ్యయనాలు తేల్చాయి. పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు. వద్దనుకుంటే వద్దనుకోవచ్చు. ఏదైనా ఆ ఇద్దరే తెలిసి తేల్చుకోవాలి.

కనక మేం కోరేది ఇది. పెళ్ళికి ముందు ఇద్దరూ, పెళ్ళయినవాళ్ళయినా ఇద్దరూ, కలిసి పరీక్ష చేసుకోండి. కిట్టు అందితే కిట్టుతో, లేదంటే ఐసీటీసీలో. అక్కడ ఉచితం, పేరు బయటికి పోదు, 1097కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఒకరు ముందూ ఒకరు వెనకా వద్దు. ఫలితం పెద్దలకు అక్కర్లేదు, మషాతాకు అక్కర్లేదు, జమాత్‌కు అక్కర్లేదు.

ఈమధ్య మా చాచా చిన్నకొడుకు నిఖా కుదిరింది. ఆ చెల్లెలి తమ్ముడే. ఆమె పట్టుపట్టింది. అమ్మాయి తండ్రి మండిపడ్డాడు. 'మా పిల్లను అనుమానిస్తారా' అన్నాడు. 'ఇద్దరూ ఒకేసారి, చాచా. మావాడిది ముందూ కాదు, మీ పిల్లది ముందూ కాదు' అంది చెల్లెలు. రెండు రోజులు అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు అమ్మాయే ఫోన్ చేసింది. సరేనంది, ఒక షరతు పెట్టింది. ఇరువైపులా అమ్మీలు చూడకూడదు. మేనల్లుడు పంపిన కిట్లు రెండు. చెల్లెలి ఇంట్లో ముందు గదిలో కూర్చున్నారు. నామహ్రమ్ కాబట్టి తలుపు తెరిచే ఉంది, చెల్లెలు వంటింట్లో చాయ్ పెడుతూ ఉండిపోయింది. ఆ ఇరవై నిమిషాలూ వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఆమె వినలేదు. తర్వాత ఇద్దరూ ఐసీటీసీకీ వెళ్ళొచ్చారు.

నిఖా అయింది. ఫలితాలేమిటో మాకు తెలియదు. చెల్లెలికీ తెలియదు. అడగలేదు. దావత్‌లో అమ్మాయి తండ్రి మాతో సరిగా మాట్లాడలేదు. కానీ మా చెల్లెలి ప్లేటులో ఖుబానీ కా మీఠా అయిపోయిందని చూసి, తనే గరిటె పట్టుకుని వచ్చి ఇంకాస్త వేసి పోయాడు.